చలికాలంలో రోజూ సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లాలంటే ఏం వేసుకోవాలి?

చాలామంది ఒకటే మందపాటి జాకెట్ వేసుకుంటారు. తొక్కడం మొదలుపెట్టిన పది నిమిషాలకే లోపల చెమట పడుతుంది, సిగ్నల్ దగ్గర ఆగగానే ఆ తడే వణికిస్తుంది. అందుకే బయల్దేరేటప్పుడు కాస్త చలిగా అనిపించేంతే వేసుకోండి.

ఒంటికి ఆనుకునే బనియన్ కాటన్‌ది వద్దు. అది చెమటను పీల్చి తడిగానే ఉంటుంది. సన్నటి ఉన్నిది గానీ పాలియెస్టర్‌ది గానీ మేలు. పైన గాలి చొరబడని పల్చటి జాకెట్, చంకల కింద జిప్పులుంటే ఇంకా మంచిది. బాగా చలిగా ఉంటేనే మధ్యలో ఫ్లీస్ (మెత్తటి నూగు బట్ట) చొక్కా.

అసలు జాగ్రత్త చేతులకే. వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు సరిగ్గా పట్టలేరు. గాలి ఆపే గ్లవ్స్ కొనండి, కానీ వాటితో బ్రేకు లివర్ నొక్కి చూశాకే. బిగుతు బూట్లలో రెండు జతల సాక్సులు కుక్కితే రక్తం ఆడక పాదాలు మరింత చల్లబడతాయి. హెల్మెట్ కింద చెవులు మూసే పల్చటి టోపీ చాలు. పెట్టుకున్నాక పట్టీ మళ్లీ సరిచేసుకోండి.

ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, కాబట్టి లైట్లను రాత్రి ఇంట్లోనే ఉంచండి. 60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉన్న టైరులో ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పడితే సుమారు రెండున్నర పీఎస్ఐ తగ్గుతుంది. వారానికోసారి గాలి చూసుకోండి.