ముత్తాతకు పై తరాల పేర్లు కావాలంటే ఏ కాగితాలు వెతకాలి?

ముత్తాత పేరు వరకే తెలుసు, ఆపైన ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, ఊరు కృష్ణా జిల్లా, వంశవృక్షాల వెబ్‌సైట్లలో ఇంటిపేరు కొడితే ఏమీ దొరకడం లేదు అని అడిగారు. అక్కడ దొరకదండీ. ఆ సైట్లకు ఆధారం ఎక్కువగా పాశ్చాత్య దేశాల చర్చి రిజిస్టర్లు, జనాభా లెక్కలు. మన జనాభా లెక్కల్లో ఇంటింటికీ నింపిన పత్రాలు బయటికి ఇవ్వరు. నేను మా తాతల వైపు పైకి వెళ్లగలిగింది పూర్తిగా భూమి కాగితాల వల్ల. మాది కూడా పాత మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాయే, కాబట్టి నేను చేసింది మీకూ పనికొస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్లను “మన పూర్వీకులెవరు” అని అడిగితే రెండు పేర్లు చెప్పి ఊరుకుంటారు. “ఆ చెరువు కింద పొలం మనకెలా వచ్చింది, పక్క చేను ఎవరిది, ఎవరు అమ్ముకున్నారు” అని అడిగి చూడండి. తగాదాలతో సహా బయటికొస్తాయి. సర్వే నంబరు దొరికితే సగం పని అయినట్టే. ఆ తర్వాత ట్రంకు పెట్టెల్లో పాత దస్తావేజులు ఏమున్నాయో చూడండి. చిరిగినవి కూడా పారేయనివ్వకండి.

మా ఇంట్లో దొరికింది తాత, ఆయన అన్నదమ్ములు రాసుకున్న పారీఖత్తు, అంటే ఆస్తి పంపకాల కాగితం. అందులో వాళ్ల తండ్రి, అంటే ముత్తాత పేరు ఉంది. అది మాకు తెలిసిందే. నాకు పనికొచ్చింది హద్దుల వివరం. తూర్పు హద్దులో వేరే ఇంటిపేరుతో ఒక ఆడమనిషి పేరుంది. ఆవిడెవరో ఇంట్లో ఒక్కరికీ తెలియదు. మా పొలాన్ని ఆనుకుని, మా నంబరులోనే సబ్ డివిజన్‌గా ఉన్న ముక్క బయటివాళ్లకు ఎలా వెళ్లిందా అని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ నంబరు మీద వెతికించాను. ఆవిడ కొడుకు ఆ ముక్కను తర్వాత అమ్మేశాడు. ఆ విక్రయ దస్తావేజులో, ఈ భూమి తన తల్లికి ఆమె తండ్రి పసుపు కుంకుమల కింద ఇచ్చినదని ఆ తండ్రి పేరుతో సహా రాయించాడు. అంటే ఆవిడ మా ముత్తాత చెల్లెలు. ఆవిడ తండ్రి పేరే నేను వెతుకుతున్న పేరు. మగవాళ్ల కాగితాలన్నీ తిరగేసినా ఆ పేరు రాలేదు, ఆడపడుచు వాటా దగ్గర దొరికింది. అందుకే హద్దులు, సాక్షుల సంతకాలు, మైనర్ల తరఫున గార్డియన్‌గా నిశానీ వేసిన తల్లుల పేర్లు ఒక్కటీ వదలకుండా రాసుకోండి. సాక్షి చాలాసార్లు బావమరిదో మేనమామో అయి ఉంటాడు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు సంగతి కొంచెం వివరంగా చెప్తాను. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి చేత్తో రాసిన పుస్తకాలు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం, స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే 1వ పుస్తకాన్ని, దాని ఇండెక్సును ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. “మీకేం సంబంధం” అని అడిగితే ఈ సెక్షన్ చెప్పండి. ఇండెక్సులు రెండు రకాలు: మనుషుల పేర్లతో ఒకటి, ఆస్తి వివరాలతో ఒకటి. నేనైతే రెండోదే ముందు చూస్తాను. పేర్ల స్పెల్లింగు గుమస్తా గుమస్తాకూ మారుతుంది, ఊరు, సర్వే నంబరు అంతగా మారవు. నేను వెళ్లిన ఒక ఆఫీసులో ఇండెక్సు సగం చెదలు తినేసింది. అలాంటప్పుడు పక్క చేను వాళ్ల దస్తావేజుల హద్దుల్లో మీవాళ్ల కోసం వెతకాలి.

రిజిస్ట్రేషన్ పుస్తకాల్లో దొరక్కపోతే రెవెన్యూ రికార్డులే గతి. రైత్వారీ గ్రామమైతే, అంటే రైతులు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టిన ఊరైతే, డైగ్లాట్ అనే రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ చూడాలి, పాత సర్వే నంబరుకూ కొత్తదానికీ లంకె అందులో ఉంటుంది. జమీందారీ గ్రామమైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (సర్వే నంబర్లవారీగా భూముల వివరాలు రాసిన రిజిస్టర్) అడగాలి. మీ పొలంలో ఇనాం భూమి, అంటే పాలకులు దానంగానో సేవకు ప్రతిఫలంగానో ఇచ్చిన భూమి, ఏమైనా ఉంటే అదృష్టవంతులు. 1858లో వేసిన ఇనాం కమిషన్ తర్వాత రాసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్‌లో మొదట దానం పొందిన మనిషి, అప్పుడు అనుభవిస్తున్నవాళ్ల పేరు, వయసు, ఇద్దరికీ ఉన్న చుట్టరికం రాసి ఉంటాయి. అగ్రహారాలవాళ్లే కాదు, గుడిలో, ఊళ్లో సేవ చేసినందుకు మాన్యాలు పొందిన కుటుంబాలవాళ్లూ అందులో దొరుకుతారు. తెలంగాణ వైపువాళ్లు సేత్వార్ (తొలి సర్వే రిజిస్టర్), 1954-55 ఖాస్రా పహాణీ (ఏ నంబరు ఎవరి చేతిలో ఉందో రాసిన రిజిస్టర్) అడగండి. పాతవాటికి ఉర్దూ చదివేవాళ్లు పక్కన ఉండాలి.

తేదీల దగ్గర నిదానంగా ఉండండి. రెవెన్యూ కాగితాల్లో వాడే ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది: ఫసలీ 1315 అంటే 1905 జూలై నుంచి 1906 జూన్ వరకు. తెలుగు సంవత్సరం పేరు మాత్రమే రాసుంటే అరవై ఏళ్ల చిక్కు ఉంది. నందన అంటే 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కావచ్చు. స్టాంపు కాగితం మీద బొమ్మ చూడండి, విక్టోరియా రాణి ఉందో, ఎడ్వర్డ్ ఉన్నాడో, జార్జి ఉన్నాడో. ఆ బొమ్మే చాలాసార్లు తేల్చేస్తుంది.

ఇంకో టెన్షన్, పేర్లు. తాత పేరు మనవడికి పెట్టుకుంటాం కాబట్టి ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది, పైగా అన్నదమ్ములందరూ తలా ఒక కొడుక్కి తమ తండ్రి పేరే పెట్టుకుంటారు. తండ్రి పేరు, సర్వే నంబరు కలవకుండా ఇద్దరూ ఒకరే అనుకోవద్దు. దత్తత వెళ్తే ఇంటిపేరే మారిపోవచ్చు. మేనరికాల వల్ల కంప్యూటర్‌లో గీసే వంశవృక్షం కొమ్మలు మళ్లీ వచ్చి కాండానికే అతుక్కుంటాయి, సాఫ్ట్‌వేర్ ఎర్రర్ అంటే కంగారు పడకండి. డీఎన్ఏ టెస్టుల్లో కూడా ఇదే ఇబ్బంది, దూరపు చుట్టం దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు. నేనైతే ఆ డబ్బు నకళ్ల మీద పెడతాను.

తద్దినాలు పెట్టే ఇల్లయితే మూడు తరాల పేర్లు, అమ్మ వైపువి కూడా, మీ పురోహితుడి నోటుబుక్కులో ఉండవచ్చు. మీ పెద్దలెవరైనా గయ వెళ్లి ఉంటే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) దస్త్రాల్లోనూ అడగొచ్చు. ఊరి భూమి లెక్కలు రాసే కరణాల వ్యవస్థ 1984లో రద్దయినా, వాళ్ల ఇళ్లలో సొంత లెక్కల కాగితాలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. మర్యాదగా అడిగితే చూపిస్తారు.

భూమి లేని కుటుంబాలకు ఈ దారి పనిచేయదు, అది ఒప్పుకోవాల్సిందే. క్రైస్తవ కుటుంబమైతే పాత మిషన్ చర్చిల బాప్తిస్మ రిజిస్టర్లు ఉంటాయి. దక్షిణాఫ్రికాలోని నేటాలుకు కూలికి వెళ్లినవాళ్లుంటే 1860 నుంచి 1911 దాకా ఓడల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు రాశారు. బడి అడ్మిషన్ రిజిస్టర్లు తండ్రి పేరుకు బాగానే ఉంటాయి, పుట్టినతేదీకి నమ్మకండి.

మీరు ముందు తేల్చుకోవాల్సింది మీ ఊరు రైత్వారీయా, నూజివీడు, చల్లపల్లి లాంటి జమీందారీ కిందదా అని. అది కనుక్కుని ఇక్కడే కింద రాయండి, ఏ రిజిస్టర్‌కు ఎలా అర్జీ పెట్టాలో చెప్తాను.