రెండడుగుల క్లాంపులతో మూడున్నర అడుగుల బల్ల

ఏడడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు గల టేకు భోజనాల బల్లకు పైభాగాన్ని ఇంట్లోనే అతికించుకోవాలని ఉందనీ, చేతిలో ఉన్నవన్నీ 24 అంగుళాల క్లాంపులేననీ, పొడవైనవి కొనక తప్పదా అనీ మీరు అడిగారు. బెంగళూరులో మా అద్దె ఇంటి మేడమీది రేకుల షెడ్డులో ఇదే కొలత బల్లను నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి చేసినది ప్రస్తుతం పూలకుండీలను మోస్తోంది.

ఆ మొదటిసారి నా దగ్గర పొడవాటి క్లాంపులు లేకపోలేదు, తెలిసినవారి దగ్గర నాలుగు అరువు తెచ్చుకున్నాను. ఏడేసి అంగుళాల పలకలు ఆరు, వాటి మధ్య అతుకులు ఐదు. ఏప్రిల్ మధ్యాహ్నం, రేకుల వేడిలో ఐదింటికీ ఒకేసారి ఫెవికాల్ పూయడానికి పూనుకుంటే, చివరి అతుకు దాకా వచ్చేసరికి మొదటిదాని మీద జిగురు పాల మీగడలా తోలు కట్టింది. కంగారులో నాలుగు క్లాంపులనూ కిందివైపే వేసి బలంకొద్దీ తిప్పాను. మర్నాడు విప్పి చూస్తే బల్ల విల్లులా వంగి ఉంది. కాబట్టి క్లాంపు పొడవు కంటే ముందు ఆలోచించవలసింది ఒక విడతలో ఎన్ని అతుకులు పెట్టుకుంటున్నామన్నదే.

రెండోసారి మూడు పలకల చొప్పున రెండు సగాలుగా అతికించాను. ఒక్కో సగం 21 అంగుళాలు, అంచులు నలగకుండా ఇరువైపులా అంగుళం మందం రీపరు పెట్టినా 23 అంగుళాలే అవుతుంది కనుక మీ క్లాంపులు హాయిగా సరిపోతాయి. క్లాంపు ఒత్తిడి అది పట్టిన చోటు నుంచి రెండు పక్కలకూ సుమారు 45 డిగ్రీల కోణంలో విచ్చుకుంటుందని ఒక లెక్క ఉంది. దాని ప్రకారం ఏడంగుళాల పలక దాటి అతుకును చేరేసరికి ఒక్కో క్లాంపు 14 అంగుళాల మేర పట్టుకుంటుంది, అంటే 84 అంగుళాల పొడవుకు ఆరు కావాలి. వాటిని ఒకటి పైన, ఒకటి కింద వచ్చేలా మార్చి మార్చి వేస్తే పలక వంగదు.

ఇక మిగిలేది రెండు సగాలనూ కలిపే ఒకే ఒక్క అతుకు. అక్కడ క్లాంపుకూ అతుకుకూ మధ్య 21 అంగుళాల చెక్క ఉంటుంది కనుక ఒక్కోటి 42 అంగుళాల మేర పట్టుతుంది, లెక్క ప్రకారం రెండు చాలు. నాకు ధైర్యం చాలక నాలుగు వేశాను. వాటి కోసం పైపు క్లాంపు సెట్లు (పైపు చివర మర మీద బిగించే తల, పైపు మీద జారే దవడ కలిపి ఒక సెట్టు) నాలుగు తీసుకుని, ఎస్.పి. రోడ్డులో ముప్పావు అంగుళం జి.ఐ. పైపు ఒకటి కొని నాలుగు ముక్కలు చేయించి, ఒక్కోదానికి ఒక చివర మర వేయించాను. పైపు ఆరు మీటర్లు ఉంటుంది కనుక ముక్క దాదాపు ఐదడుగులు వస్తుంది, ఇంకా పొడవు కావాలంటే సాకెట్ వేసి రెండు ముక్కలు కలపవచ్చు. పసుపు పట్టీ ఉన్న పల్చని రకం వద్దు, అది వంగుతుంది. నీలం పట్టీ ఉన్న మీడియం రకం అడగండి. మర వేయించేటప్పుడు క్లాంపు తలను వెంట తీసుకువెళ్లి అక్కడే బిగించి చూసుకోవాలి, ఎందుకంటే విదేశీ సెట్లలో మర కొలత కొద్దిగా తేడాగా ఉంటుంది.

పైపులకే డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే, నాలుగడుగుల దృఢమైన రీపరు మీద రెండు చివర్లా దిమ్మలు స్క్రూలతో బిగించి, బల్లను మధ్యలో పెట్టి, మిగిలిన సందులో ఏటవాలుగా కోసిన రెండు ముక్కలను ఎదురెదురుగా దూర్చి సుత్తితో కొడితే అంతే గట్టిగా బిగుస్తుంది. మా ఇంటి యజమానికి మధ్యాహ్నం నిద్ర అలవాటు కావడం వల్లనే నేను పైపుల దారి పట్టాను.

చివరి అతుకు దగ్గర రెండు సగాలూ ఎగుడుదిగుడు కాకుండా బల్లకు పైనా కిందా అడ్డంగా రీపర్ల జత పెట్టి, వాటి చివర్లను మీ చిన్న క్లాంపులతోనే బిగించండి. చివర్లు మాత్రమే బిగిస్తే మధ్యలో ఒత్తిడి ఉండదు కనుక, బల్లకు ఆనుకునే ముఖాన్ని మధ్యలో ఒక మిల్లీమీటరు ఎత్తు మిగిలేలా రెండు కొసల వైపూ చిత్రిక పట్టాలి. జిగురు అంటకుండా ఆ ముఖానికి ప్యాకింగ్ టేపు అతికించండి. పైపుకూ చెక్కకూ మధ్య పాలిథీన్ ముక్క వేయడం మరవకండి, తడి జిగురు దగ్గర ఇనుము తగిలితే టేకు మీద నల్లటి చారలు పడతాయి, అవి తోమినా ఒక పట్టాన పోవు.

వీటన్నిటికీ ముందు, జిగురు లేకుండా ఒకసారి పూర్తిగా బిగించి చూడాలి. చేతి బలంతో మూసుకోని సందును క్లాంపు బలంతో మూయబోతే ఆ అతుకు తరవాత ఎప్పుడో విడిపోతుంది, కనుక మళ్లీ చిత్రిక పట్టండి. బిగించాక పైకి ఉబికిన జిగురును తడిగుడ్డతో తుడిస్తే అది చెక్క రంధ్రాల్లోకి ఇంకి పాలిష్ పట్టనివ్వదు. నేను అరగంట ఆగి, అది రబ్బరులా మారాక పాత ఉలితో గీకేసి, క్లాంపులను మర్నాటి ఉదయం దాకా కదపలేదు.