ముందు లెక్క రాయి, తర్వాత రాజీనామా

చిరంజీవి అబ్బాయికి,

పెదనాన్న ఆశీస్సులు. అమెరికాలో ఉద్యోగం మానేసి అక్కడి వెర్మాంట్ కొండల్లో చెక్క ఇల్లు కట్టుకుంటానని రాశావు. చేతిలో పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ రచయిత థోరో పుస్తకం ఉందని కూడా రాశావు కాబట్టి నాకు ఆశ్చర్యం కలగలేదు. వాల్డెన్ చెరువు పక్కన సొంతంగా ఇల్లు కట్టుకుని ఒంటరిగా బతికిన రోజుల గురించి ఆయన రాసిన ఆ 'వాల్డెన్' చదివిన కొత్తలో చాలామందికి ఈ జ్వరం వస్తుంది. నాకూ వచ్చింది. నిన్ను ఆపడానికి రాయడం లేదు. నువ్వు ఆ పుస్తకంలో కొన్ని పేజీలు దాటేశావని నా అనుమానం. ముందు అవి చదువు.

అవి లెక్కల పేజీలు. నేను ముప్పై ఏళ్ళు సర్వే గొలుసు మోసినవాణ్ణి, నా కళ్ళు వాటి మీదే ఆగాయి. ఆ ఇంటికి థోరో పెట్టిన ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు. పలకలకు ఇంత, పాత ఇటుకలు వెయ్యికి నాలుగు డాలర్లు, మేకులకు మూడు డాలర్ల తొంభై సెంట్లు. చివరికి సుద్దముక్కకు ఒక సెంటు. ఇల్లు పదడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు. కేంబ్రిడ్జి కాలేజీలో, అంటే ఇప్పటి హార్వర్డ్‌లో, కుర్రవాడు ఒక గదికి ఏడాదికి ముప్పై డాలర్ల అద్దె కడుతున్నాడని పక్కనే చురక వేశాడు. చిక్కుడు, మరికొన్ని పంటలు వేస్తే ఖర్చులు పోను మిగిలింది ఎనిమిది డాలర్ల డెబ్బై ఒకటిన్నర సెంట్లు. ఆ అర సెంటు కూడా వదల్లేదు చూడు. ఏడాదికి ఆరు వారాలు పని చేస్తే తన ఖర్చులు గడిచిపోతాయని ఆయన తేల్చుకున్నాడు. మిగతా కాలమంతా తనది. నాకు తెలిసి ఆ పుస్తకానికి వెన్నెముక ఈ ఒక్క లెక్కే. పక్షులు, మంచు, సూర్యోదయాలు దాని మీద కట్టినవి.

కాబట్టి నా మొదటి సలహా. రాజీనామా ఉత్తరం పక్కన పెట్టి, ఆరు నెలలు ఖర్చులు రాయి. ఫోనులో యాప్‌కు వదిలేయకుండా నోటుపుస్తకంలో చేత్తో రాయి. ఒక్కో వస్తువు ఎదురుగా దాని ధర కాకుండా, దాన్ని కొనడానికి నువ్వు ఎన్ని గంటలు పని చేశావో వెయ్యి. థోరో రైలు ప్రయాణాన్ని ఇలాగే లెక్క కట్టాడు. ఫిచ్‌బర్గ్ ముప్పై మైళ్ళు, టికెట్టు తొంభై సెంట్లు, అంటే దాదాపు ఒక రోజు కూలి. నువ్వు ఆ డబ్బు సంపాదించేలోపు నేను నడిచి అక్కడికి చేరతానన్నాడు. ఇప్పుడు నువ్వెక్కేదీ ఫిచ్‌బర్గ్ లైనే కదా!

రెండో సంగతి, దూరం గురించి. ఆయన ఎక్కడో కారడవిలోకి పోలేదు. 1845 జులై 4న వెళ్ళిన ఆ చోటు స్నేహితుడు ఎమర్సన్ స్థలం. కాంకర్డ్ ఊరికి మైలున్నర. అమ్మ చేతి వంట తినడానికి ఇంటికి వెళ్ళి వస్తూనే ఉండేవాడు. చెరువు పక్కనే రైలు పట్టాలు. 1846-47 చలికాలంలో వందమంది కూలీలు వచ్చి ఆ చెరువు మంచును కోసుకుపోయారు. మసాచుసెట్స్ మంచు ఓడల మీద మన మద్రాసుకు కూడా వచ్చేది, మెరీనా ఎదురుగా ఉన్న ఐస్ హౌస్ అందుకోసం కట్టిందే. మద్రాసు వాళ్ళు నా బావి నీళ్ళు తాగుతున్నారని ఆయన మురిసిపోయాడు కూడా. రెండేళ్ళ రెండు నెలల తర్వాత తిరిగి ఊళ్ళోకి వచ్చేశాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ నాలాగే భూములు కొలిచాడు, తండ్రి పెన్సిళ్ళ పనిలో చెయ్యి వేశాడు. నీకు వెర్మాంట్ ఎందుకు? బస్సులో అరగంట దూరంలో ఒక చెరువు చూసుకుని, ఏడాది పొడవునా వారానికి రెండు ఉదయాలు దానికి ఇవ్వు.

అక్కడికి వెళ్ళి ఊరికే కూర్చోకు. ఏదో ఒకటి కొలువు. వాల్డెన్ చెరువుకు అడుగే లేదని ఊరంతా చెప్పుకునేవారు. 1846 తొలి నెలల్లో ఆయన గడ్డకట్టిన మంచు మీదికి దిక్సూచి, గొలుసు పట్టుకు వెళ్ళి, చేపలు పట్టే దారానికి ఒకటిన్నర పౌండ్ల రాయి కట్టి, వందకు పైగా చోట్ల లోతు చూశాడు. అత్యధిక లోతు 102 అడుగులు. ప్రకృతి ప్రేమ అంటే నాకు ఇది, కళ్ళు మూసుకుని పరవశించడం కాదు. ఆకు ఎప్పుడు రాలింది, మంచు ఎప్పుడు కరిగింది, నువ్వూ తేదీలు వేసి రాసుకో.

మూడోది చెప్పడానికి నాకే కాస్త సిగ్గు. పదవీ విరమణ చేసిన ఏడాది నేను మామిడితోటలో పాక వేసుకుని "నిరాడంబరంగా" బతికాను, నీకు గుర్తుండదు. మూడు నెలలూ మీ పెద్దమ్మ రోజూ క్యారియర్ పంపింది, బట్టలు ఉతికించి పంపింది. నేను మాత్రం నాకేమీ అక్కర్లేదని వచ్చినవాళ్ళందరికీ ఉపన్యాసం ఇచ్చాను. తర్వాత ఆల్కాట్ కథ చదివి తల దించుకున్నాను. ఆయన థోరోకు స్నేహితుడు. 1843లో కొందరితో కలిసి ఫ్రూట్‌లాండ్స్ అనే పొలంలో కొత్త లోకం కడదామనుకున్నాడు. మాంసం, పాలు మానేశారు. బానిసల చేత పండించింది కాబట్టి పత్తి బట్టా వద్దన్నారు. ఆశయం మంచిదే. పురుషులు చర్చల్లో ఉంటే పని భార్య అబిగెయిల్ మీద పడింది. ఏడు నెలలకే అది కూలిపోయింది. అప్పటికి పదేళ్ళ పిల్ల అయిన కూతురు లూయిసా పెద్దయ్యాక దాన్ని వెక్కిరిస్తూ రాసింది. నీ ఉత్తరం మూడు పేజీలుంది, అందులో కోడలు ఏమంటోందో ఒక్క వాక్యం లేదు. ముందు ఆమెను అడుగు. ఆమె లెక్క కూడా నోటుపుస్తకంలో ఉండాలి.

ఇక, యుద్ధానికి నిరసనగా పన్ను ఎగ్గొడతానని నువ్వు రాసిన మాట. థోరో తలపన్ను కొన్నేళ్ళు కట్టలేదు. బానిసత్వాన్ని నిలబెడుతూ, మెక్సికో మీద యుద్ధం చేస్తున్న ప్రభుత్వానికి తన డబ్బు ఇవ్వనన్నాడు. 1846 జులైలో చెప్పుల మరమ్మతు కోసం ఊళ్ళోకి వస్తే పట్టుకుని ఒక రాత్రి జైల్లో పెట్టారు. ఎవరో పన్ను కట్టేస్తే మర్నాడు బయటికి వచ్చి, చెప్పు తీసుకుని, హకల్‌బెర్రీ పళ్ళు కోయడానికి వెళ్ళాడు. ఈ భాగం అందరికీ ఇష్టం. అయితే రోడ్డు పన్ను మాత్రం తాను ఎప్పుడూ కట్టాననీ, మంచి పొరుగువాడిగా ఉండాలనుకుంటున్నాననీ ఈ జైలు కథ చెప్పిన 'సివిల్ డిసొబీడియన్స్' వ్యాసంలోనే రాశాడు. ఏది కట్టను, ఎందుకు కట్టను అన్నది విడదీసి, 1848లో సొంత ఊరివాళ్ళ ముందు నిలబడి ఉపన్యాసంగా చెప్పాడు. చాటుగా చేస్తే దాన్ని ఎగవేత అంటారు.

థోరోను చదివే గాంధీగారు సత్యాగ్రహం మొదలుపెట్టారని నువ్వు రాశావు. దాన్ని గాంధీగారే ఒప్పుకోలేదు. ఆ వ్యాసం తన చేతికి వచ్చేనాటికే దక్షిణాఫ్రికాలో పోరాటం చాలా దూరం వెళ్ళిందని 1935లో కోదండరావు గారికి రాసిన ఉత్తరంలో చెప్పారు. మన చీరాల, పేరాల ప్రజలు 1921లో మున్సిపాలిటీ పన్ను కట్టడం ఇష్టం లేక ఇళ్ళు వదిలి ఊరి బయట పాకల్లో నెలల తరబడి ఉన్నారు. వాళ్ళను నడిపించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు జైలు చూశారు. మూల్యం ఎంతో తెలిసి, అది చెల్లించడానికి సిద్ధపడ్డవాళ్ళు వీళ్ళు.

నువ్వు హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్నావు. ఉద్యోగం మానితే చేతిలో ఉండేది మహా అయితే అరవై రోజులు. పన్ను విషయంలో కేసు పడితే నీతోపాటు కోడలూ చిక్కుల్లో పడుతుంది. థోరో బ్రహ్మచారి, సొంత ఊళ్ళో ఉన్నాడు, జైలరు కూడా తెలిసినవాడే. ఈ తేడా చూసుకోకుండా ఆయన అడుగుల్లో అడుగు వేయడం నాకు నచ్చలేదు. అన్యాయం మీద కోపం ఉంటే నీ ప్రతినిధికి ఉత్తరం రాయి, సభలకు వెళ్ళు, నువ్వు రాసిన ఆ యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ళకు పనిచేసే వాళ్ళ దగ్గర శనివారాలు గడుపు. అది చాలదనిపించిన రోజున, ఇద్దరూ కూర్చుని ఆలోచించుకుని నాకు రాయండి. అప్పుడు నేను వద్దనను.

ఈ ఆదివారం కాంకర్డ్ వెళ్ళు. స్టేషను నుంచి చెరువు దాకా నడిచి వెళ్ళు, కోడలు వస్తానంటే ఆమెనూ తీసుకెళ్ళు. ఆయన ఇంటి నమూనా ఒకటి అక్కడ కట్టి ఉంచారు. లోపలికి వెళ్ళి అడుగులతో కొలిచి చూడు, పది, పదిహేను సరిగ్గా వస్తుందో లేదో నాకు రాయి. నోటుపుస్తకం మొదటి పేజీ ఫోటో కూడా పంపు. పెద్దమ్మ గోంగూర పచ్చడి పంపుతానంటోంది, దాని ఖర్చు ఏ పద్దులో రాస్తావో అది నీ ఇష్టం.

ఆశీస్సులతో,
పెదనాన్న