టెక్ సందేహాలు: ఆటమ్ డి525, ఏఎండీ ఈ-350లలో ఏది దేనికి?

ప్రశ్న: నా దగ్గర రెండు పాత మినీ పీసీలు ఉన్నాయి. ఒకదాంట్లో ఇంటెల్ ఆటమ్ డి525, రెండోదాంట్లో ఏఎండీ ఈ-350. ఒకదాన్ని టీవీకి తగిలించి వీడియోలు చూడాలని, ఇంకోదాన్ని ఫైళ్లు దాచుకునే సర్వర్‌గా రోజంతా ఆన్‌లో ఉంచాలని ఆలోచన. ఆటమ్‌ది 1.8 గిగాహెర్ట్జ్, 4 థ్రెడ్లు, 13 వాట్లు. ఏఎండీది 1.6 గిగాహెర్ట్జ్, 2 థ్రెడ్లు, 18 వాట్లు. అంకెలు చూస్తే అన్నిట్లో ఆటమే మేలనిపిస్తోంది. నిజమేనా?

జవాబు: కాదండీ. టీవీకి ఏఎండీ పెట్టండి, ఫైళ్లకు ఆటమ్ వాడండి. రెండింట్లో ఒక్కటే ఉంచుకోవాల్సి వస్తే ఏఎండీనే ఉంచుకోండి. మీరు రాసిన అంకెలన్నీ సరైనవే. కానీ ఈ రెండు చిప్‌ల మధ్య అసలు తేడా ఆ అంకెల్లో కనిపించదు.

డి525 2010లో వచ్చింది, ఈ-350 2011 జనవరిలో. రెండింట్లోనూ రెండేసి కోర్లు (లెక్కలు చేసే భాగాలు), మొత్తం 1 ఎంబీ ఎల్2 క్యాషే (ప్రాసెసర్ లోపలి చిన్న, వేగమైన మెమరీ), రెండూ 64-బిట్‌వే. తేడా పని చేసే పద్ధతిలో ఉంది. ఆటమ్ ఆదేశాలను ప్రోగ్రామ్‌లో ఉన్న వరుసలోనే నడుపుతుంది. దీన్నే ఇన్-ఆర్డర్ అంటారు. టికెట్ కౌంటర్‌లో ముందున్న మనిషి చిల్లర వెతుక్కుంటుంటే వెనకవాళ్లంతా నిలబడిపోయినట్టే, ఒక ఆదేశానికి కావాల్సిన డేటా మెమరీ నుంచి రావడం ఆలస్యమైతే దాని వెనక ఉన్నవన్నీ ఆగిపోతాయి. ఆ డేటాతో సంబంధం లేనివి కూడా. ఏఎండీ ఈ-350లోని బాబ్‌క్యాట్ కోర్ అవుట్-ఆఫ్-ఆర్డర్ రకం. సిద్ధంగా ఉన్న ఆదేశాలను ముందు నడిపించి, ఫలితాలను చివరికి సరైన వరుసలో పెడుతుంది. అందుకే గిగాహెర్ట్జ్ తక్కువైనా బ్రౌజర్ తెరిచినా, పెద్ద పేజీ స్క్రోల్ చేసినా ఏఎండీనే చురుగ్గా ఉంటుంది.

మరి ఆ నాలుగు థ్రెడ్లు? థ్రెడ్ అంటే ప్రాసెసర్ నడిపే ఒక పని వరుస. ఒక థ్రెడ్ డేటా కోసం ఆగినప్పుడు ఖాళీగా ఉన్న కోర్‌ను ఇంకో థ్రెడ్‌కి ఇవ్వడమే హైపర్-థ్రెడింగ్. ఇన్-ఆర్డర్ చిప్‌లో ఇలాంటి ఖాళీలు ఎక్కువ కాబట్టి ఆటమ్‌కు ఇది బాగానే కలిసొస్తుంది. ఫైళ్లు కంప్రెస్ చేయడం లాంటి, ముక్కలుగా పంచగలిగే పనుల్లో డి525 ఏఎండీకి దగ్గరగా వచ్చేస్తుంది. కానీ మనం ఎదురుగా కూర్చుని చేసే పనుల్లో ఎక్కువ శాతం ఒక్క థ్రెడ్ వేగం మీదే నడుస్తాయి.

ఇక వీడియో. టీవీకి ఏది అన్న ప్రశ్న ఇక్కడే తేలిపోతుంది. ఆటమ్‌లోని జీఎంఏ 3150 గ్రాఫిక్స్ హార్డ్‌వేర్‌తో విప్పగలిగేది ఎంపెగ్-2 మాత్రమే. అంటే డీవీడీల కాలం నాటి ఫార్మాట్. సినిమా ఫైళ్లలో బాగా కనిపించే హెచ్.264 ఫార్మాట్ వీడియో వేస్తే భారమంతా ఆ బలహీనమైన కోర్ల మీదే పడుతుంది, 1080పీలో ఫ్రేములు తెగిపోతాయి. ఈ-350లో ఉన్నది రేడియాన్ హెచ్‌డీ 6310. దాంట్లో వీడియో కోసమే యూవీడీ3 అనే విడి భాగం ఉంది. హెచ్.264, వీసీ-1, డివ్‌ఎక్స్ రకం ఫైళ్లను అదే చూసుకుంటుంది. డ్రైవర్ సరిగ్గా పడితే 1080పీ సినిమా నడుస్తున్నా ప్రాసెసర్ మీద పెద్దగా భారం ఉండదు. మీ ఆటమ్ బోర్డు మీద విడిగా ఎన్‌విడియా అయాన్ చిప్ ఉంటే మాత్రం లెక్క మారుతుంది. అది కూడా హెచ్.264ను బాగానే నడుపుతుంది. ఒకసారి బోర్డు పేరు చూసుకోండి.

అయితే ఏఎండీ మీద కూడా మరీ ఆశలు పెట్టుకోవద్దు. హెచ్‌ఈవీసీ, వీపీ9, ఏవీ1... ఈ మూడు కొత్త వీడియో ఫార్మాట్లూ దానికి హార్డ్‌వేర్‌లో రావు. 4కే ఊసే వద్దు. యూట్యూబ్ సాధారణంగా బ్రౌజర్‌కు వీపీ9 లేదా ఏవీ1 పంపిస్తుంది. హెచ్.264 మాత్రమే అడిగేలా చేసే ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి, ఒకటి వేసుకోండి. ఆ తర్వాత కూడా తడబడితే 720పీకి దిగండి. ఇంట్లో దాచుకున్న ఫైళ్లకైతే బ్రౌజర్ కంటే కోడి (Kodi) లేదా ఎంపీవీ ప్లేయర్ నయం. లైనక్స్‌లో ఈ గ్రాఫిక్స్‌కు పాత రేడియాన్ డ్రైవర్ సిస్టమ్‌తో పాటే వస్తుంది, వెతుక్కునే పని లేదు.

వాట్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. 13, 18 అన్నవి టీడీపీ అంకెలు. చిప్‌ను చల్లబరచడానికి ఎంత ఏర్పాటు కావాలో బోర్డు తయారుచేసేవాళ్లకు చెప్పే లెక్క అది. మీ మీటర్‌లో తిరిగే కరెంటు అది కాదు. రోజంతా ఆన్‌లో ఉండే సర్వర్ ఎక్కువ సేపు ఖాళీగానే ఉంటుంది, కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు ఎంత తీసుకుంటుందన్నదే ముఖ్యం. ఈ-350 పని లేనప్పుడు 800 మెగాహెర్ట్జ్‌కు దిగి వోల్టేజీ కూడా తగ్గించుకుంటుంది. డి525లో ఇలా వేగం తగ్గించుకునే స్పీడ్‌స్టెప్ లేదు, అది ఎప్పుడూ 1.8 గిగాహెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. అందుకని ఖాళీ సమయంలో ఏఎండీ ఎక్కువ తింటుందని ముందే అనుకోవద్దు. సాకెట్‌కు పెట్టే చిన్న వాట్ మీటర్‌తో రెండింటినీ కొలిచి చూడండి. పాత అడాప్టర్ దానికదే వృథా చేసే కరెంటు, 3.5 అంగుళాల హార్డ్ డిస్క్ ఊరికే తిరుగుతూ తీసుకునే నాలుగైదు వాట్లు ఈ చిప్‌ల మధ్య తేడాను మింగేయగలవు. డిస్క్ కాసేపు వాడకపోతే ఆగిపోయేలా సెట్ చేస్తే అంతకంటే ఎక్కువ మిగులుతుంది.

ఫైల్ సర్వర్‌గా ఆటమ్‌కు వంక పెట్టాల్సిన పనేమీ లేదు. ఆ రోజుల్లో చాలా నాస్ (ఇంటి నెట్‌వర్క్‌లో ఫైళ్లు దాచే) పెట్టెల్లో ఇదే డి525 ఉండేది. డిస్కులను బోర్డు మీదున్న సాటా పోర్టులకే కలపండి. దీని ఎన్ఎం10 చిప్‌సెట్‌కు యూఎస్‌బీ 2.0 మాత్రమే తెలుసు, ఎక్స్‌టర్నల్ డిస్క్ పెడితే కాపీ నత్తనడకన సాగుతుంది. డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేయాలనుకుంటే మాత్రం ఆలోచించండి. రెండు చిప్‌లలోనూ ఎన్‌క్రిప్షన్‌కు వాడే ఏఈఎస్ పని వేగంగా చేసే ఆదేశాలు లేవు. వర్చువల్ మెషిన్లు (ఒకే పీసీలో విడి పీసీల్లా పనిచేసే సిస్టమ్‌లు) నడపాలన్న ఆలోచన ఉంటే ఆ సదుపాయం ఈ-350లో ఉంది, డి525లో లేదు. ర్యామ్ కూడా ఆటమ్‌కు 4 జీబీ దగ్గర ఆగిపోతుంది.

భద్రత విషయంలో ఆటమ్‌కు ఒక మేలు ఉంది. 2018 జనవరిలో బయటపడిన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు ముందే ఊహించి ఆదేశాలు నడిపే ప్రాసెసర్లకు సంబంధించినవి. డి525 కాలం నాటి ఇన్-ఆర్డర్ ఆటమ్‌లకు అవి తగలవు. ఏఎండీకి మెల్ట్‌డౌన్ బెడద లేదు, స్పెక్టర్ ఉంది. లైనక్స్ అప్‌డేట్లు ఆపకుండా వేసుకుంటే చాలు, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

పని మొదలుపెట్టే ముందు రెండు బోర్డుల మీదా ఉన్న సీఆర్2032 బ్యాటరీ మార్చండి. ఇన్నేళ్లకు అది అయిపోయి ఉంటుంది. కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి వెళ్లిపోతుంది, దాంతో వెబ్‌సైట్లు సర్టిఫికెట్ తప్పని తెరుచుకోవు. తప్పు నెట్‌లో ఉందనుకుని రోజంతా రౌటర్‌తో కుస్తీ పడతారు.

ప్రశ్న: ఈ-350 లాంటి పాత ప్రాసెసర్ మీద కూడా ఏవో ట్రిక్కులతో విండోస్ 11 వేయొచ్చంటున్నారు. ప్రయత్నించమంటారా?

జవాబు: వద్దు. టీపీఎం (భద్రతా చిప్) లాంటి తనిఖీలను తప్పించే దారులు ఉన్న మాట నిజమే. కానీ 24హెచ్2 వెర్షన్ నుంచి విండోస్ 11కి ఎస్ఎస్ఈ4.2 ఆదేశాలు ఉన్న ప్రాసెసర్ తప్పనిసరి. ఈ-350లో అవి లేవు, డి525లోనూ లేవు. లేని ఆదేశాలను ఏ ట్రిక్కూ పుట్టించలేదు, సిస్టమ్ బూట్ కాదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. డెబియన్ అనే లైనక్స్‌ను తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ లేదా ఎల్ఎక్స్‌క్యూటీ డెస్క్‌టాప్‌తో వేసుకోండి. అన్ని లైనక్స్‌లూ పడవని మాత్రం గుర్తుంచుకోండి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 9 కూడా ఇదే ఎస్ఎస్ఈ4.2 అడుగుతుంది.

ప్రశ్న: ఆటమ్ ఎన్270 ఉన్న పాత నెట్‌బుక్‌లో డెబియన్ 13 ఇన్‌స్టాల్ కావడం లేదు. పెన్‌డ్రైవ్ పాడైందా?

జవాబు: పెన్‌డ్రైవ్ బాగానే ఉండి ఉంటుంది. 2008లో వచ్చిన ఎన్270 కేవలం 32-బిట్ ప్రాసెసర్. డెబియన్ 13కి 32-బిట్ పీసీల ఇన్‌స్టాలర్ ఇవ్వడం లేదు. డెబియన్ 12కి ఉన్న 32-బిట్ ఇమేజ్ (ఇన్‌స్టాల్ ఫైల్) వాడండి. ర్యామ్ ఎంత పెంచినా 2 జీబీకి మించదు కాబట్టి బ్రౌజర్‌లో ట్యాబ్‌లు ఒకటి రెండుకే పరిమితం చేసుకోండి. టైపింగ్‌కి, పాటలు వినడానికి అయితే హాయిగా పనికొస్తుంది.