కనుమ వెళ్లాక సంతకం పెట్టండి

ప్రశ్న: మాది పశ్చిమ గోదావరి జిల్లా. 1999 జూన్ నుంచి ఒకే ఫ్యాక్టరీలో, స్టోర్స్‌లో పనిచేస్తున్నాను. 2027 జూన్‌లో 58 నిండి రిటైరవ్వాలి. ఈ మధ్య యాజమాన్యం మారింది. కొత్తవాళ్లు వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) కింద 9 లక్షలు ఇస్తామంటున్నారు. 2026 మార్చి 31 ఆఖరి రోజు, జనవరి 20లోగా ఏదో ఒకటి చెప్పాలట. ఒప్పుకోనివాళ్లని గుజరాత్ ప్లాంటుకి పంపుతారని అనుకుంటున్నారు. నా జీతం నెలకి 78 వేలు, అందులో బేసిక్ 31 వేలు. పీఎఫ్‌లో 31 లక్షలు, బ్యాంకులో మూడున్నర లక్షలు ఉన్నాయి. సొంత ఇల్లు, అప్పుల్లేవు. ఇంటి ఖర్చు 32 వేలు. నాకు షుగర్ ఉంది. వేసవిలో అమ్మాయి పెళ్లి చేశాం, అల్లుడికి ఇది మొదటి సంక్రాంతి. మూడు కాసుల గొలుసు పెట్టాలని మా ఆవిడ పట్టుబడుతోంది. పీఎఫ్ అడ్వాన్సు తీసి పండగ గట్టెక్కించి, వీఆర్‌ఎస్ తీసుకుని హాయిగా ఉందామనుకుంటున్నాను. మీరేమంటారు?

జవాబు: వీఆర్‌ఎస్ తీసుకోండి. గొలుసు వద్దు. మార్చి 31 అసలు వద్దు.

ఆ చివరి మాటతోనే మొదలుపెడతానండి. వీఆర్‌ఎస్ సొమ్ములో 5 లక్షల వరకు పన్ను ఉండదు, మిగతాది జీతంతో సమానం. అంటే మీకు 4 లక్షల మీద లెక్క వస్తుంది. మార్చి 31న బయటికొస్తే ఆ 4 లక్షలు ఈ ఏడాది జీతం 9 లక్షల 36 వేల మీదికెక్కి 13 లక్షల 36 వేలవుతుంది. జీతగాళ్లందరికీ ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేసినా 12 లక్షల గీత దాటినట్టే. కొత్త పన్ను విధానంలో ఆ గీతకి లోపలుంటే ఒక్క రూపాయి కట్టక్కర్లేదు, దాటితే మీ విషయంలో సెస్సుతో కలిపి 60 వేల పైన కట్టాలి. అదే ఏప్రిల్ 10న రిలీవైతే? ఆ సొమ్ము కొత్త ఆర్థిక సంవత్సరంలోకి వెళ్తుంది. అప్పటికి మీకు జీతం ఉండదు కాబట్టి పన్నూ ఉండదు. చెక్కు మాత్రం ఏప్రిల్‌లో ఇవ్వమంటే సరిపోదు, ఆఖరి పనిదినమే ఏప్రిల్లోకి రావాలి. ఆ పది రోజులూ జీతం లేని సెలవు పెట్టినా మీకు లాభమే. హెచ్‌ఆర్ వాళ్లని అడగడానికి మొహమాటపడకండి. బయటికెళ్లే మనిషి కోసం పది రోజులు సర్దడం వాళ్లకి పెద్ద పనేం కాదు.

ఆ 5 లక్షల మినహాయింపు రావాలంటే పథకం ఆదాయపు పన్ను నిబంధనలకి లోబడి ఉండాలి. ఆ మాట ఆఫర్ లెటర్లో ఉందో లేదో చూసుకోండి. తర్వాత ఇదే యాజమాన్యానికి చెందిన మరో కంపెనీలో చేరకూడదు కూడా.

ఇక ఉండడమా, వెళ్లడమా. ఉంటే ఏప్రిల్ నుంచి పదిహేను నెలల జీతం 11 లక్షల 70 వేలు. దానికి యాజమాన్యం కట్టే పీఎఫ్, ఇంకో ఏడాది గ్రాట్యుటీ (సర్వీసు ఏళ్లని బట్టి కంపెనీ చివర్లో ఇచ్చే సొమ్ము) కలిపితే 12 లక్షల 50 వేల దగ్గరికొస్తుంది. వెళ్తే 9 లక్షలు. తేడా మూడున్నర లక్షలు. మీరు గుజరాత్ వెళ్లి గది అద్దె, హోటల్ తిండి, రైలు ఛార్జీలకి నెలకి 15 వేలు పెట్టారనుకోండి, అందులో రెండుంపావు లక్షలు అక్కడే అయిపోతాయి. షుగర్ ఉన్న మనిషి 57వ ఏట ఇల్లు వదిలి అంత దూరం వెళ్లడాన్ని ఏ లెక్కలో వేయాలో మీరే ఆలోచించండి. బదిలీ అన్నది ఉత్త పుకారేనని తేలితే మాత్రం నా సలహా మారుతుంది. అందుకే ఒప్పుకోకపోతే ఏం చేస్తారో రాతలో అడగండి.

గ్రాట్యుటీ అంకె కూడా రాతలోనే తీసుకోండి. 15ని 26తో భాగించి, వేతనంతో, 27 ఏళ్లతో గుణించాలి. 31 వేల బేసిక్ మీద వేస్తే 4 లక్షల 83 వేలే వస్తుంది. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కార్మిక నియమావళుల్లో వేతనం నిర్వచనం మారింది. అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలోనే కలపాలి. మీ 78 వేలలో సగమంటే 39 వేలు, దాని మీద 6 లక్షల 7 వేలు. లక్షంబావు తేడా ఇది. పాత పద్ధతిలో లెక్క వేసి ఇస్తే నిలదీయండి.

పీఎఫ్ బాగా ఉంది కదా, పెన్షనూ బాగానే వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదండి. ఈపీఎస్, అంటే పీఎఫ్‌తో ముడిపడిన ఉద్యోగుల పెన్షన్ పథకం, లెక్కకి జీతం పరిమితి 15 వేలు, 2014 సెప్టెంబరుకి ముందు సర్వీసుకి 6,500. ఆ లెక్కన మీకు నెలకి నాలుగు వేల పైచిలుకు. 58 నిండేదాకా దాని జోలికెళ్లకండి, ముందే తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గిపోతుంది.

కాబట్టి నెల గడవాలంటే పీఎఫే దిక్కు. అందులో 30 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీంలో వేయండి. మామూలుగా 60 దాటాలి, కానీ 55 దాటి రిటైరైనవాళ్లూ వీఆర్‌ఎస్ తీసుకున్నవాళ్లూ డబ్బు చేతికొచ్చిన మూడు నెలల్లోపు వేసుకోవచ్చు. ఆ గడువు దాటితే 60 వచ్చేదాకా ఆగాల్సిందే. ప్రస్తుతం వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకి 61,500, అంటే నెలకి 20,500. పోస్టాఫీసు నెలసరి పథకంలో 9 లక్షలు వేస్తే 7.4 శాతం లెక్కన ఇంకో 5,550. దానికి పెన్షన్ తోడైతే 30 వేలు అవుతాయి. తక్కువ పడే రెండు వేలు, పెన్షన్ మొదలయ్యేదాకా పడే లోటు కోసం 3 లక్షలు ఎఫ్‌డీలో ఉంచండి. పీఎఫ్, వీఆర్‌ఎస్, గ్రాట్యుటీ అన్నీ కలిపితే మిగిలే నాలుగు లక్షలు హైబ్రిడ్ (షేర్లు, బాండ్లు కలిసిన) మ్యూచువల్ ఫండ్‌లో పెట్టి పదేళ్లు మర్చిపోండి. ధరలు ఏటా 6 శాతం పెరిగితే, ఇవాళ్టి 32 వేల ఖర్చు పన్నెండేళ్లకి 64 వేలవుతుంది.

రిలీవైన రోజే కంపెనీ ఆరోగ్య బీమా ఆగిపోతుంది. అది పోకముందే అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారే వీలుందేమో కనుక్కోండి. అలా మారితే ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ కాలం (పాత జబ్బులకి క్లెయిం ఇవ్వని కాలం) కలిసొస్తుంది. బయట కొత్తగా తీసుకుంటే షుగర్‌కి మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. దరఖాస్తులో షుగర్ సంగతి దాచకండి, క్లెయిం దగ్గర దొరికిపోతారు.

ఇప్పుడు గొలుసు. మూడు కాసులంటే 24 గ్రాములు, ఇప్పుడున్న ధరకి మజూరీతో కలిపి మూడు లక్షలు దాటుతుంది. పదిహేను నెలలు ముందే మానేసినందుకు మీరు వదులుకుంటున్నదీ దాదాపు అంతే. ఒకే ఏడాది రెండూ అంటే కష్టం. మీ ఆవిడ మీద నాకేం కోపం లేదండీ, గోదావరి జిల్లాలో కొత్త అల్లుడికి పెట్టకపోతే వీధిలో ఏమంటారో నాకూ తెలుసు. బ్యాంకులో ఉన్న దాంట్లోంచి లక్ష తీయండి. అర కాసు ఉంగరం, ఇద్దరికీ బట్టలు, అరిసెలు, సున్నుండలు అన్నీ అందులో వచ్చేస్తాయి. పీఎఫ్ అడ్వాన్సు మాత్రం వద్దు, అది మీ ఇరవై వేల ఐదువందలకి మూలధనం. గొలుసే కావాలంటే ఎఫ్‌డీలు వేసి, లెక్కలు కుదిరాక వచ్చే ఏడాది చూసుకోవచ్చు. మీ రిటైర్మెంట్ సంగతి అమ్మాయికి చెప్పారా? మీ ఉత్తరంలో ఆ మాటే కనబడలేదు. భోగికి వచ్చినప్పుడు అల్లుడుగారి ఎదుటే చెప్పండి.

పండగ మూడు రోజులూ ఆఫర్ లెటర్ బీరువాలో పెట్టేయండి. జనవరి 20కి కనుమ తర్వాత నాలుగు రోజులు చేతిలో ఉంటాయి. ఈలోగా ఏప్రిల్ తేదీ, గ్రాట్యుటీ లెక్క, బదిలీ సంగతి, ఈ మూడూ ఒకే ఈమెయిల్‌లో అడిగి ఉంచండి. సీనియర్ సిటిజన్ పథకం ఖాతాకి వీఆర్‌ఎస్ తేదీ, వచ్చిన సొమ్ము చూపించే యాజమాన్య ధ్రువపత్రం కావాలి, అది కూడా ఇప్పుడే అడగండి. బయటికొచ్చాక అడిగితే వాళ్లకి తీరిక ఉండదు.