పాత నంబరు కనిపించే తలుపు

చిరంజీవికి ఆశీస్సులు.

ఆస్ట్రేలియాలో పెద్ద సిరీస్ అయిన సూపర్‌కార్స్‌కు కింది మెట్టుగా జరిగే సూపర్2 కార్ల పందేల గురించి నువ్వు పంపిన చరిత్ర చదవడం మొదలుపెట్టి పదకొండో పేజీ దగ్గర కాగితాలు పక్కన పడేశాను. కోపం చల్లారడానికి రెండు రోజులు పట్టింది. "ఈ సిరీస్ పైకి ఎక్కడానికి వేసిన నిచ్చెన మాత్రమే, ఎక్కలేక మిగిలిపోయినవారి గురించి చెప్పుకోవలసినదేమీ లేదు" అని అక్కడ రాశావు. అలాంటప్పుడు ఆ నిచ్చెన చరిత్ర రాయడానికి అన్ని పేజీలు ఎందుకు ఖర్చు చేసినట్టు?

ఖర్చులు పెరిగిపోయిన పెద్ద సిరీస్‌లో సొంత డబ్బుతో కారు దించేవారికి చోటు కరువవుతున్న రోజుల్లో, 2000లో, ఇది కొనికా వీ8 లైట్స్ అనే పేరుతో మొదలైంది. పెద్ద జట్లు వాడి వదిలేసిన ఫోర్డ్ ఫాల్కన్, హోల్డెన్ కమడోర్ కార్లను కొనుక్కొని, అవే అయిదు లీటర్ల ఇంజన్లతో, వారంతా పెద్దవారు పరుగెత్తే అదే బాథర్స్ట్ కొండ ట్రాక్ ఎక్కి దిగారు. దీన్ని నాలుగు వాక్యాల్లో దాటేసి, స్పాన్సర్‌ను బట్టి మారుతూ వచ్చిన కొనికా, ఫుజిట్సు, డన్‌లప్ పేర్లకు రెండు పేజీలు కేటాయించావు. ఒక కారు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో పట్టుకొని రాసి ఉంటే నీ చరిత్రకు వెన్నెముక దానంతట అదే వచ్చేది.

2012 విజేత స్కాట్ మెక్‌లాఫ్లిన్‌కు ఆరు పేజీలు ఇచ్చావు. 2018 నుంచి వరుసగా మూడేళ్లు పెద్ద టైటిల్ గెలిచి, అమెరికాలో ఇండీకార్ పందేలకు వెళ్లినవాడు కాబట్టి కాదనను. కానీ అతను "ఇక వెనుదిరిగి చూడలేదు" అని రాశావే, పందెంలో అద్దం చూసుకోనివాడు మొదటి మలుపు దాటతాడా? మన పత్రికల నుంచి అంటుకున్న ఈ జబ్బును ముందు వదిలించుకో.

నువ్వు మిగిలిపోయారన్నవారి సంగతి చూడు. ఈ సిరీస్ మొట్టమొదటి విజేత డీన్ కాంటో 2005లో మళ్లీ ఇక్కడే గెలిచాడు. 2002లో గెలిచిన పాల్ డంబ్రెల్ పన్నెండేళ్ల తర్వాత, 2014లో, తిరిగి వచ్చి మళ్లీ గెలిచాడు. ఈ మధ్యలో, పెద్ద సిరీస్‌లో భాగమైన 2012 బాథర్స్ట్ వెయ్యి కిలోమీటర్ల పందెంలో జేమీ వింకప్‌తో కలిసి డంబ్రెల్, డేవిడ్ రేనాల్డ్స్‌తో కలిసి కాంటో నడిపారు. మొదటి స్థానం డంబ్రెల్ కారుది, రెండోది కాంటో కారుది, మధ్య తేడా అర సెకను కూడా లేదు. నీ నిచ్చెన పై మెట్టు మీద నిలబడిన ఆ రెండు కార్లలోనూ నీ మిగిలిపోయినవారే ఉన్నారు. ఇది నీ వ్యాసంలో ఒక్క అక్షరమైనా లేదు.

నేను పత్రికలో చేరిన కొత్తలో జిల్లా వాలీబాల్ పోటీల్లో ఓడిన ఒక జట్టు గురించి మూడు రోజులు తిరిగి రాశాను. ఆ కుర్రాళ్లలో ఒకడు పగలంతా రైస్‌మిల్లులో బస్తాలు మోసి, సాయంత్రం వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకొని ఆడేవాడు. మా సంపాదకుడు ఎర్రసిరాతో అదంతా కొట్టేసి, "ఓడినవాళ్లకు ఊరి పేరు చాలు" అన్నాడు. తెల్లారి చూస్తే ఆ ఊరి పేరూ తప్పుగానే అచ్చయింది. ఆ సంపాదకుణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు, నీ పదకొండో పేజీలో మళ్లీ ఆయన గొంతే వినిపించింది.

2006 అక్టోబరులో బాథర్స్ట్‌లో ఈ సిరీస్ పందెంలోనే ప్రమాదానికి గురై, పెద్ద పందెం జరిగిన ఆదివారం నాడే కన్నుమూసిన న్యూజిలాండ్ డ్రైవర్ మార్క్ పోర్టర్‌ను ఒక్క వాక్యంలో, అదీ కుండలీకరణాల్లో పెట్టావు. అంతకు నెల ముందు మరణించిన ఆస్ట్రేలియా మేటి రేసర్ పీటర్ బ్రాక్ జ్ఞాపకాలతో ఆ వారమంతా నిండిపోయింది కాబట్టి అప్పటివారికి తీరిక లేదేమో. నీకేమైంది? ఆ కుండలీకరణాలు తీసేసి, ప్రమాదం నాటి నుంచి ఆ ఆదివారం దాకా ఆ మూడు రోజులు రాయి.

ఇంత తిట్టినా కాగితాలు తిప్పి పంపకుండా జవాబు రాయడానికి కారణం పంతొమ్మిదో పేజీలో ఉంది. గ్యారేజీలో ఒక కారు తలుపు మీద కొత్త స్టిక్కరు కింద పాత నంబరు అంచు ఉబ్బెత్తుగా వేలికి తగిలిందని రాశావు. అది నువ్వు ముట్టుకొని రాసిన వాక్యం. ఆ పాత నంబరు ఎవరిదో ఎందుకు అడగలేదు? మెల్‌బోర్న్‌లోనే ఉన్నావు కదా, వచ్చే శనివారం మళ్లీ వెళ్లి అడుగు. అతని పేరు తెలిశాక మొదటి పేజీ అక్కడి నుంచి ఎత్తుకొని రాసి నాకు పంపు.