అంబత్తూరు ఇంటర్వ్యూకి కోటు వద్దు తమ్ముడూ

నెల్లూరు నుంచి చెన్నైలోని అంబత్తూరు వచ్చి అకౌంట్స్ ఇంటర్వ్యూకి కోటు కొనాలా అని అడిగావు. వద్దు, ఈ ఉక్కలో తడిసి ముద్దవుతావు. లేత రంగు కాటన్ చొక్కా, ముదురు ప్యాంటు, పాలిష్ చేసిన బూట్లు చాలు. అరగంట ముందే చేరి ముఖం కడుక్కో.

ముందు రోజు రాత్రి కూర్చోవాల్సింది బ్యాంక్ రీకన్సిలియేషన్ మీద, అంటే బ్యాంకు పాస్‌బుక్‌నీ మన క్యాష్‌బుక్‌నీ సరిచూసి కలపడం. టాలీ సాఫ్ట్‌వేర్ వదిలేసి కాగితం మీద చేసి చూడు. మనమిచ్చిన చెక్కు ఇంకా బ్యాంకుకి రాలేదంటే, పాస్‌బుక్ నిల్వలోంచి ఆ మొత్తం తీసేస్తేనే క్యాష్‌బుక్‌తో కలుస్తుంది. ఇక్కడే చాలామంది తడబడతారు.

ఆఖరి తేదీలు నోటికి రావాలి: టీడీఎస్, అంటే చెల్లింపుల్లోంచి ముందే కోసిన పన్ను, కట్టడానికి మరుసటి నెల 7, మార్చిదైతే ఏప్రిల్ 30. జీఎస్‌టీ రిటర్నులు నెలనెలా వేసేవాళ్లకి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీఆర్-1 మరుసటి నెల 11న, పన్ను లెక్క తేల్చి కట్టే జీఎస్‌టీఆర్-3బి 20న. తమిళం రాదని బెంగ వద్దు, ముందే చెప్పెయ్. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం మర్చిపోకు.